బెంగళూరు మిద్దెతోటలో పచ్చిబఠాణీ

బఠాణీకి ఎరువు కంటే తేదీ ముఖ్యం. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. 30 దాటితే పూత రాలిపోతుంది, నిలిచిన కాయలోనూ గింజ సరిగా కట్టదు. బెంగళూరులో ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది కాబట్టి అక్టోబరు 15, నవంబరు 15 మధ్య విత్తేయాలి. సంతలోకి అనపకాయలు దిగేసరికి మీ తొట్టిలో బఠాణీ పూతమీద ఉండాలి, అదే లెక్క. సంక్రాంతి వెళ్లాక పెడితే తీగ వస్తుంది గానీ కాయ రాదు.

పొట్టి రకం, త్వరగా కాపు కావాలంటే ఆర్కెల్. 60 రోజులకు అటూ ఇటూగా తొలి కోత. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క అజిత్ ఆలస్యంగా కాస్తుంది, కానీ బూడిద తెగులును, తుప్పు తెగులును తట్టుకుంటుంది. మందులు కొట్టని తోటకు అదే మేలు. కిరాణా కొట్టు ఎండు బఠాణీ మొలవొచ్చు గానీ ఏ రకమో తెలియదు. గులాబీ రంగు పూసిన విత్తనం వద్దు: అది మందు పట్టించినది, వేరు బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే రైజోబియం బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది.

తొట్టి లోతు 12 అంగుళాలు, అడుగున రంధ్రాలు తప్పనిసరి. సగం ఎర్రమట్టి, మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, మిగతాది కొబ్బరిపొట్టు. పైన గుప్పెడు వేపపిండి. అంతకు మించి ఎరువు వేస్తే ఆకు కమ్ముకుంటుంది, పూత వెనకబడుతుంది.

విత్తనాలకు బెల్లం నీళ్లలో కలిపిన రైజోబియం పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తండి. ప్యాకెట్టు మీద బఠాణీకి అని ఉండాలి. వేరుశనగది దీనికి పనిచేయదు. అంగుళంన్నర లోతు, మూడంగుళాల ఎడం. అక్టోబరు వానల్లో విత్తనం రాత్రంతా నానబెట్టకండి, తడిమట్టిలో కుళ్లిపోతుంది. జోరువాన పడితే మొలక వచ్చేదాకా తొట్టిపై రేకో పట్టానో కప్పండి. మొలిచాక ఇంకో శత్రువు పావురం. లేతమొలకను పీకి పారేస్తుంది, కాబట్టి జానెడు ఎత్తు వరకూ వల ఉండాల్సిందే.

ఎన్ని మొక్కలు? ఒక్కోదానికి పదీ పన్నెండు కాయలే అనుకోండి. పులావుకు సరిపడా గింజలు ఒక్కసారిగా రావాలంటే కనీసం 20 మొక్కలు కావాలి.

ఊత విషయంలో చాలామంది బొంగులు పాతేసి ఊరుకుంటారు. బఠాణీ కాండం మెలి తిరగదు, పట్టుకునేది దారంలాంటి నులితీగలే. లావు బొంగు వాటికి పట్టు చిక్కదు. బొంగుల మధ్య పురికొస అల్లండి, లేదా ఎండిన సరుగుడు కొమ్మలు గుచ్చండి. మొక్క నాలుగంగుళాలు లేవకముందే ఈ పని అయిపోవాలి.

డిసెంబరులో పగలు పొడి, రాత్రి మంచు: బూడిద తెగులుకు అంతకన్నా ఏం కావాలి! అడుగు ఆకుల మీద పిండి చల్లినట్టు మచ్చ కనిపించగానే ఆ ఆకులు తీసేసి, లీటరు పుల్లమజ్జిగకు తొమ్మిది లీటర్ల నీళ్లు కలిపి ఉదయం పిచికారీ చేయండి, వారానికోసారి. ఆగకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు. పేనుబంకకు వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కుంకుడు రసంతో కలిపి. కానీ గంధకానికీ వేపనూనెకూ మధ్య రెండు వారాలు ఎడం లేకపోతే ఆకులు మాడతాయి. కాయకు చిన్న రంధ్రం ఉంటే లోపల పురుగున్నట్టే, ఆ కాయ తెంపి పారేయండి.

నీళ్లు మొదట పొదుపుగా. పూత మొదలయ్యాక మాత్రం మట్టి ఆరిపోనివ్వకండి.

పూసిన మూడు వారాలకు కాయ నిండుతుంది. పచ్చగా నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే గింజలు తగలాలి. తొక్క పాలిపోయి గీతలు తేలితే తీపి పోయి పిండి పట్టినట్టే. ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో తెంపండి, లాగితే వేరుతో సహా వస్తుంది. రెండు మూడు రోజులకోసారి కోయకపోతే కొత్త పూత ఆగిపోతుంది.

కాపు అయ్యాక మొక్కను పీకొద్దు, మొదలు దగ్గర కోయండి. ఒక వేరు మాత్రం తవ్వి, దానిమీది బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే అది నత్రజని పట్టిందన్నమాట. తెల్లగా ఉంటే రైజోబియం సరిగా పనిచేయలేదు, వచ్చే ఏడు ప్యాకెట్టు మార్చాలి. ఆ తొట్టిలో తోటకూరో బెండో వేసుకోండి. బఠాణీ మాత్రం మళ్లీ అదే మట్టిలో రెండేళ్ల దాకా వద్దు, ఎండుతెగులు మట్టిలోనే దాగి ఉంటుంది.