84 రోజులు, రోజుకో నవ్వు

లివర్‌ను చెడగొట్టే వైరస్ జబ్బు హెపటైటిస్ సికి మందుల కోర్సు చాలామందికి 12 వారాలే: సోఫోస్‌బువిర్ 400, డాక్లాటస్‌విర్ 60 మిల్లీగ్రాములు, రోజుకోసారి. లివర్ బాగా చెడితే 24 వారాలూ పడుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం.

అనంతపురం ఇళ్లలో అయితే రాత్రి సంగటి ముద్ద తిన్న వెంటనే మింగడం మేలు, వేళ మరిచిపోరు. గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో ఇంట్లోవాళ్లు పెన్సిల్‌తో ఒక పొడుపుకథ రాయాలి. విప్పేది మాత్ర మింగాకే. ముందే విప్పితే మాత్ర మరుపున పడుతుంది. మరిచినదానికి మర్నాడు రెట్టింపు మోతాదు మింగొద్దు.

“ఏమప్పా, మంచం నిన్ను వదల్లేదా?” అని అలుపు మీద నవ్వించండి. జబ్బెలా వచ్చిందన్నదాని మీద మాత్రం వద్దు, అది గుచ్చుకుంటుంది. కంచం పంచుకుంటే అంటదు. రేజరు, గోళ్ల కట్టరు, బ్రష్ వేరుగా ఉండాలి.

కోర్సు ముగిసిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఇంకా ఉందో లేదో చూసేది.