అలబామా చరిత్ర ఎలా చదవాలి: ఒక కౌంటీ, ఒక నోటుపుస్తకం

2022 నవంబర్‌లో, అమెరికా పౌరురాలిగా నా మొదటి ఓటు వేయడానికి హంట్స్‌విల్‌లోని మా పోలింగ్ కేంద్రానికి వెళ్ళాను. గవర్నరు, సెనేటరు పేర్ల పక్కన గుండ్రాలు నింపాక, అలబామా కొత్త రాజ్యాంగాన్ని ఆమోదిస్తారా అన్న ప్రశ్న కనిపించింది. దానితోపాటే సవరణల వరుస. పన్నెండేళ్ళుగా ఈ రాష్ట్రంలో ఉంటున్నాను, ఇద్దరు పిల్లలను ఇక్కడి బడుల్లోనే చదివించాను, కానీ పాత రాజ్యాంగంలో ఏముందో నాకు తెలియదు. ఓటు వేసి వచ్చి కారులో చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. మర్నాడే ఒక నోటుపుస్తకం కొన్నాను. అప్పటినుంచి ఈ రాష్ట్ర చరిత్రను ఏ దారిలో చదివానో చెబుతాను. ఇక్కడికి కొత్తగా వచ్చినవారికి, ఇక్కడే పుట్టిన పిల్లలకు ఏదో ఒకటి చెప్పవలసివచ్చే తల్లిదండ్రులకు పనికొస్తుంది.

గవర్నర్ల జాబితాతో మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టి, పేర్లూ సంవత్సరాలూ పేజీల నిండా రాసుకున్నాను. రెండు వారాల తర్వాత ఒక్కటీ గుర్తులేదు. రాజధాని మాంట్‌గొమరీలో 1955లో నల్లజాతివారు జరిపిన బస్సు బహిష్కరణతో మొదలుపెట్టినా కష్టమే. అది చాలా గొప్ప ఘట్టం. కానీ దాని వెనుక ఏముందో తెలియకపోతే మంచివారికీ చెడ్డవారికీ మధ్య జరిగిన కథలా మిగిలిపోతుంది. నేను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: ఆయా కాలాల్లో ఓటు ఎవరి చేతిలో ఉంది? ఏ పుస్తకం తెరిచినా, ఏ శిలాఫలకం ముందు నిలబడినా ముందు దానికే జవాబు వెతకండి.

మొదటి పని పటం. కౌంటీల సరిహద్దులు మాత్రమే ఉన్న ఖాళీ పటాన్ని ముద్రించుకోండి. మొత్తం 67 కౌంటీలు. ఉత్తరాన టెనెస్సీ నది లోయ, దాని కింద కొండ ప్రాంతం, ఆగ్నేయంలో వైర్‌గ్రాస్ అని పిలిచే ఇసుక నేలలు, నైరుతి మూల మొబీల్ రేవు. రాష్ట్రం నడుమ అడ్డంగా సాగే నల్లనేల పట్టీని మాత్రం ముదురు రంగుతో నింపండి. దాన్నే బ్లాక్ బెల్ట్ అంటారు. కోట్ల ఏళ్ళ క్రితం అక్కడ లోతులేని సముద్రం ఉండేది. అది మిగిల్చిన సున్నపు పొర మీద, మన నల్లరేగడిని తలపించే జిగురుమట్టి ఏర్పడింది. పత్తికి అనువైన నేల. అంతకుముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం క్రీక్ అనే మూలవాసులది. 1814లో హార్స్‌షూ బెండ్ దగ్గర అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్ వారిని ఓడించాడు. ఆ తర్వాత ఫోర్ట్ జాక్సన్ ఒప్పందంతో ఇక్కడా జార్జియాలోనూ కలిపి దాదాపు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు రాయించుకున్నారు. ఐదేళ్ళకు, 1819 డిసెంబర్ 14న అలబామా 22వ రాష్ట్రమైంది. 1860 జనగణన నాటికి 9,64,201 మంది జనంలో 4,35,080 మంది బానిసలు. వారిలో ఎక్కువమంది ఉన్నది మీరు ముదురు రంగు వేసిన ఆ పట్టీలోనే. ఈ పటాన్ని పారేయకండి. ఇటీవలి ఎన్నికల ఫలితాల పటం పక్కన పెట్టి చూడండి, ఆ పట్టీ మళ్ళీ కనిపిస్తుంది.

రెండో పని రాజ్యాంగాలు. 1819, 1861, 1865, 1868, 1875, 1901, 2022, మొత్తం ఏడు. అన్నీ పూర్తిగా చదవనక్కరలేదు. ఒక్కోదానికి ఒక పేజీ కేటాయించి, ఓటు హక్కు గురించిన భాగాన్ని మాత్రం సొంత మాటల్లో రాసుకోండి. 1819లో ఆస్తి షరతు లేకుండా తెల్లజాతి పురుషులందరికీ ఓటు ఇచ్చారు. ఆ కాలానికి అది ఉదారమే, ఆ ఒక్క జాతికి. 1861లో సమాఖ్య నుంచి వైదొలిగారు. 1865లో బానిసత్వం పోయినా నల్లజాతివారికి ఓటు రాలేదు, 1868 రాజ్యాంగంలో వచ్చింది. సెల్మాకు చెందిన బెంజమిన్ టర్నర్, బానిసగా పుట్టినవాడు, ఆ ఓట్లతోనే 1870లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. 1875 నాటికి పాత భూస్వామ్య వర్గం తిరిగి అధికారంలోకి వచ్చింది. ఓటు హక్కును కాగితం మీద ఉంచి, పన్నులకూ ప్రభుత్వ ఖర్చుకూ గట్టి కళ్ళెం వేసింది.

1901 దగ్గర ఆగండి. ఇక్కడ మీరు ఎన్ని వారాలు గడిపినా దండగ కాదు. ఆ ఏడాది మాంట్‌గొమరీలో 155 మంది ప్రతినిధులు సమావేశమయ్యారు. అందరూ తెల్లజాతి పురుషులే. ఫెడరల్ రాజ్యాంగం విధించిన హద్దుల్లోనే ఉంటూ రాష్ట్రంలో శ్వేతజాతి ఆధిపత్యాన్ని స్థాపించడమే తమ పని అని సమావేశ అధ్యక్షుడు జాన్ నాక్స్ ప్రారంభోపన్యాసంలోనే ప్రకటించాడు. దాచలేదు. చదవడం రాయడం వచ్చి ఏడాదిలో ఎక్కువ కాలం పనిలో ఉండడం, లేకపోతే నలభై ఎకరాల భూమి లేదా 300 డాలర్ల ఆస్తి, వాటికి తోడు ఏడాదికి ఒకటిన్నర డాలర్ల ఓటు పన్ను, ఇలా షరతులు పేర్చారు. ఆ పన్ను కట్టకపోతే బాకీ పేరుకుపోయేది, 36 డాలర్ల దాకా. కౌలుకు పత్తి పండించి ఏడాది చివర చేతిలో చిల్లిగవ్వ మిగలని మనిషి, నల్లవాడైనా తెల్లవాడైనా, అంత సొమ్ము ఎక్కడినుంచి తెస్తాడు?

ఇక్కడ ఒక లెక్క చేయండి. నాకు ఎన్ని పుస్తకాలు చదివినా అర్థంకానిది ఈ తీసివేతతో అర్థమైంది. ఆ రాజ్యాంగాన్ని ఆమోదిస్తూ వచ్చిన ఓట్లు 1,08,613. వ్యతిరేకంగా 81,734. బ్లాక్ బెల్ట్ కౌంటీల నుంచి వచ్చినట్టు చూపినవి అనుకూలంగా 36,224, వ్యతిరేకంగా 5,471. వీటిని మొత్తం నుంచి తీసేయండి. మిగిలేవి 72,389, 76,263. అంటే మిగతా రాష్ట్రం దాన్ని తిరస్కరించింది. నల్లజాతి జనం అత్యధికంగా ఉన్న కౌంటీలే, వారి ఓటు తీసేయడానికి భారీ ఆధిక్యంతో ఒప్పుకున్నాయని అధికారిక లెక్క చెబుతోంది. ఆ ఓట్లు ఎవరు లెక్కపెట్టారో వేరే చెప్పాలా? 1900లో ఓటుకు అర్హులైన నల్లజాతి పురుషులు లక్షా ఎనభై వేలకు పైగా ఉండేవారు. 1903లో జాబితాలో మిగిలింది మూడు వేలలోపు. ఈ అంకెల కింద నేను ఎర్రగీత గీసుకున్నాను.

అదే రాజ్యాంగం స్థానిక అధికారాన్నీ మాంట్‌గొమరీకి లాక్కుంది. కౌంటీలు చిన్న పనికి కూడా రాజ్యాంగ సవరణ కోరవలసివచ్చింది. సవరణలు పెరిగి పెరిగి దాదాపు వెయ్యికి చేరాయి. అమెరికా రాజ్యాంగానికి ఇప్పటిదాకా ఉన్నవి 27. నా బ్యాలెట్ కాగితం అంత పొడవుగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. భిన్న జాతుల మధ్య వివాహాన్ని నిషేధించే వాక్యం ఆ రాజ్యాంగంలో 2000 దాకా ఉంది. నల్ల, తెల్ల పిల్లలకు వేర్వేరు బడులు ఉండాలన్న వాక్యాన్ని తీసేద్దామని 2004లోనూ 2012లోనూ అడిగితే ఓటర్లు రెండుసార్లూ కాదన్నారు. 2022లో నేను ఆమోదించినది ఇలాంటి మాటలను తొలగించి, చెల్లాచెదురుగా ఉన్న సవరణలను సర్దిపెట్టిన ప్రతి.

మూడో పని, ఒక్క కౌంటీని ఎంచుకుని చివరిదాకా దాని వెంట నడవడం. రాష్ట్రం మొత్తాన్ని ఒకేసారి పట్టుకోవాలంటే చేయి చాలదు. నేను లౌండెస్‌ను తీసుకున్నాను, సెల్మాకూ మాంట్‌గొమరీకీ మధ్య, నల్లనేల పట్టీలో ఉన్న కౌంటీ. 1965 జనవరిలో అక్కడి జనంలో ఐదింట నాలుగు వంతులు నల్లజాతివారు. ఓటరుగా నమోదైనవారు ఒక్కరూ లేరు. ఆ ఏడాది మార్చిలో ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గొమరీకి పాదయాత్ర 54 మైళ్ళు సాగింది, లౌండెస్‌లో రోడ్డు రెండు వరుసలకు కుదించుకుపోయేది కాబట్టి అక్కడ 300 మందికి మించి నడవకూడదని న్యాయమూర్తి షరతు పెట్టాడు. ఓటరుగా నమోదైన కౌలుదారులను భూస్వాములు ఇళ్ళు ఖాళీ చేయించారు. ఆ కుటుంబాలు 80వ నంబరు రహదారి పక్కన గుడారాలు వేసుకుని బతికాయి. 1966లో వారు సొంత పార్టీ పెట్టుకున్నారు. చదువురాని ఓటర్ల కోసం బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండాలి, ఇది మనకు కొత్త కాదు. అక్కడి డెమోక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు. చాలాకాలం దాని మీద శ్వేతజాతి ఆధిపత్యం అన్న మాటలే ఉండేవి. దానికి ఎదురుగా లౌండెస్ జనం నల్ల చిరుతను పెట్టారు. తర్వాత దేశమంతా తెలిసిన ఆ గుర్తు పుట్టింది ఈ పల్లెల్లోనే. ఆ ఏడాది ఓడిపోయారు. 1970లో వారి నాయకుడు జాన్ హ్యూలెట్ షెరీఫ్‌గా, అంటే కౌంటీ పోలీసు అధిపతిగా గెలిచాడు.

నోటుపుస్తకంలో ఇదంతా రాశాక కోర్టు తీర్పులు తెరవండి. భయపడకండి. ప్రతి తీర్పులోనూ మొదట ఏం జరిగిందో చెప్పే భాగం ఉంటుంది, మామూలు పాఠకులకు అది చాలు. 1964 నాటి రేనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ తీర్పులో మళ్ళీ మా లౌండెస్ కనిపించింది. 15,417 మంది ఉన్న ఆ కౌంటీకి ఒక రాష్ట్ర సెనేటరు, ఆరు లక్షలకు పైగా జనం ఉన్న బర్మింగ్‌హామ్ ప్రాంతపు జెఫర్సన్ కౌంటీకీ ఒక్కడే. 1900 జనగణన ప్రకారం పంచిన సీట్లను అరవై ఏళ్ళు ముట్టుకోలేదు. లౌండెస్‌లో ఎక్కువమందికి ఓటే లేదు కాబట్టి, ఆ సెనేటరు నిజానికి ఎంత కొద్దిమంది మనిషో ఆలోచించండి. ఉక్కు కర్మాగారాలూ గనులూ ఉన్న నగరం ఆ కొద్దిమంది మాటకు కట్టుబడి ఉండేది.

పిల్లలతో కలిసి చదవాలంటే 1960 నాటి గొమిలియన్ వర్సెస్ లైట్‌ఫుట్ మంచిది. చతురస్రంగా ఉన్న టస్కీగీ పట్టణ సరిహద్దును శాసనసభ 28 భుజాల ఆకారంగా మార్చింది. నాలుగు వందల మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ పట్టణం బయట పడ్డారు, తెల్లజాతి ఓటరు ఒక్కరూ పడలేదు. తీర్పు చివర పటం ఉంది. మా అమ్మాయి దాన్ని గీతల కాగితం మీద గీసి, భుజాలు లెక్కపెట్టి, "అమ్మా, ఇది చేయడానికి ఒక మనిషి కూర్చుని ప్రతి ఇల్లూ చూసి ఉంటాడు కదా" అంది. నేను చెప్పదలచినది అదే.

జార్జ్ వాలెస్ గురించి అందరూ అడుగుతారు. 1963 ప్రమాణస్వీకారంలో నల్లవారినీ తెల్లవారినీ వేరుగా ఉంచడం ఎప్పటికీ సాగాలన్న గవర్నరు, 1982లో నల్లజాతివారి ఓట్లు గణనీయంగా పొంది మళ్ళీ గెలిచాడు. ఆయన మనసు మారిందా లేదా అన్న చర్చలో పడి నేను నెలలు పోగొట్టుకున్నాను. మీరు ఆ రెండు ఎన్నికల మధ్య 1965 ఓటు హక్కు చట్టం పేజీని పెట్టుకుని చదవండి. ఓటర్ల జాబితా మారాక ఓటు అడిగే మాట ఎలా మారిందో తెలుస్తుంది.

ఇక బయలుదేరండి. మాంట్‌గొమరీలోని రాష్ట్ర పురాలేఖన శాఖ 1901లోనే పుట్టింది, దేశంలో రాష్ట్రాల స్థాయిలో అలాంటి మొదటి సంస్థ. దశాబ్దాలపాటు కాన్ఫెడరసీ, అంటే 1861లో దేశం నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల కూటమి, వైపు కథకే పెద్దపీట వేశామని ఆ సంస్థే 2020లో ఒప్పుకుంది. పాత కాగితాలు చూసేటప్పుడు ఆ సంగతి మరవకండి. పెన్సిల్ తీసుకెళ్ళండి, అలాంటి చోట్ల పెన్నులు వాడనివ్వరు. 1867 ఓటరు నమోదు పుస్తకాలను మాత్రం తప్పక చూడండి, వాటిలోని పేర్లను ఇంటినుంచే కంప్యూటర్‌లో వెతకవచ్చు. బానిసత్వం నుంచి బయటపడిన ఎంతోమంది పేరు, ఇంటిపేరుతో సహా, ప్రభుత్వ కాగితం మీద మొదటిసారి పడింది అందులోనే. నేను ఆ రోజు లౌండెస్ పేర్లను ఒక్కొక్కటే పెదవులతో చదువుకున్నాను.

అక్కడినుంచి కాపిటల్ భవనం మెట్లు దగ్గరే. 1861 ఫిబ్రవరిలో జెఫర్సన్ డేవిస్ కాన్ఫెడరసీ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన చోట ఒక లోహపు నక్షత్రం ఉంది. దాని మీద నిలబడితే మార్టిన్ లూథర్ కింగ్ పనిచేసిన డెక్స్‌టర్ అవెన్యూ చర్చి కళ్ళముందే కనిపిస్తుంది. ప్రతి విగ్రహం దగ్గరా ఫలకం దగ్గరా రెండు సంవత్సరాలు రాసుకోండి: ఘటన జరిగిన ఏడాది, గుర్తు నిలిపిన ఏడాది. సెల్మా వంతెనకు పేరిచ్చిన ఎడ్మండ్ పెట్టస్ కాన్ఫెడరేట్ సేనాని, 1907లో చనిపోయాడు. వంతెన కట్టింది 1940లో. ఆ పేరును ఎంచుకున్నది 1940 నాటి మనుషులు.

తిరుగు ప్రయాణంలో లౌండెస్‌లో ఆగండి. గుడారాలున్న చోట ఇప్పుడు జాతీయ ఉద్యానవనాల సంస్థ నడిపే ప్రదర్శనశాల ఉంది. బయట కొంచెం దూరం నడిచి మట్టిని చూడండి. ఆ జిగురుమట్టిలో నీరు ఇంకదు. అందుకే పేద ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులు పనిచేయక మురుగు పెరట్లో నిలుస్తోంది. 2021లో ఫెడరల్ న్యాయశాఖ దీని మీద విచారణ మొదలుపెట్టింది. పత్తిని పండించిన నేల, 1875 నుంచి పెరగకుండా కట్టేసిన పన్నులు, ఓటు లేని తరాలు, మూడూ ఆ పెరట్లో కలుస్తాయి.

లౌండెస్ పూర్తయ్యాక ఉత్తరాన కొండల్లోని విన్‌స్టన్ కౌంటీకి రెండో నోటుపుస్తకం తెరవండి. నేను ఇప్పుడు అందులోనే ఉన్నాను. బానిసలు చాలా కొద్దిమందే ఉన్న ఆ పేద రైతుల కౌంటీ నుంచి 1861 సమావేశానికి వెళ్ళిన క్రిస్టఫర్ షీట్స్ అనే యువ బడిపంతులు, వైదొలగే పత్రం మీద సంతకం చేయనన్నాడు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, 1861 పేజీ నుంచి ఒక్కో సంవత్సరం పోల్చుకుంటూ రండి.