పాత జీపుకు కొత్త రేకులు: సమస్య - పరిష్కారం

సాలూరు ఘాటులోనూ సీతంపేట కొండల్లోనూ సర్వీసు కొట్టి కొట్టి అలిసిపోయిన పాత మహీంద్రా జీపులు ఇప్పుడు విజయనగరం, శ్రీకాకుళం షెడ్లలో మళ్లీ ముస్తాబవుతున్నాయి. ఇంజను, గేర్‌బాక్సు పని ఎలాగోలా తెములుతుంది. డబ్బూ ఓపికా కరిగేది బాడీ దగ్గరే. చూసినవాళ్లు మాత్రం "ఇదేముంది, చదును రేకులేగా" అంటారు. చిక్కంతా ఆ చదునులోనే ఉంది. కారు డోరుకు, మడ్‌గార్డుకు కొంచెం ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బే రేకుకు బిగువు. జీపు సైడు ప్యానెల్‌కు ఆ ఆసరా లేదు కాబట్టి వేడి ఎక్కువైనా, సుత్తి ఒక దెబ్బ ఎక్కువ పడినా వెంటనే బయటపడుతుంది. కింద రాసినవన్నీ 18 గేజీ, అంటే సుమారు 1.2 మి.మీ. రేకును దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.

రేకు వంచితే చీలుతోంది, వెల్డింగ్‌కు తూట్లు పడుతున్నాయి

చాలాసార్లు తప్పు చేతిలో ఉండదు, కొన్న రేకులో ఉంటుంది. పక్కనే విశాఖ స్టీల్ ప్లాంటు ఉన్నా అక్కడ తయారయ్యేది కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్. షీటు బయటి మిల్లుల నుంచే వస్తుంది, డీలరు ఏది చూపిస్తే అదే తెచ్చుకుంటాం. అడగాల్సింది సీఆర్ షీటు (చల్లగా రోల్ చేసింది), అందులో చీలకుండా వంగే డీ లేదా డీడీ గ్రేడు. నల్లటి పెచ్చు పట్టి ఉన్నది హెచ్ఆర్ షీటు (వేడిగా రోల్ చేసింది). బ్రాకెట్లకు అది చాలు, ప్యానెళ్లకు పనికిరాదు.

మందం మాట మీద నమ్మొద్దు, కాటా మీద నమ్మండి. 8×4 అడుగుల 1.2 మి.మీ. షీటు దాదాపు 28 కిలోలు తూగాలి. 23 కిలోల దగ్గర ఆగిందంటే మీకు ఇచ్చింది 1 మి.మీ. రేకు. వెల్డరు అదే కరెంటు పెడితే అది తూట్లు పడక ఏమవుతుంది?

తుప్పు పట్టదని జీఐ రేకు (జింకు పూత ఉన్నది) వాడేవాళ్లున్నారు. వెల్డింగ్ దగ్గర దాని జింకు కాలి తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం, ఆ అతుకులో గాలి బుడగలు. వాడక తప్పకపోతే అతుకుకు రెండు వైపులా 25 మి.మీ. మేర జింకు గీకేసి, తలుపులు తీసిపెట్టి చెయ్యాలి.

అన్నీ కొలిచే కోశాం, అయినా బానెట్ కూర్చోవడం లేదు

*కారణం:* కొలతలు తీసుకున్న సమయానికి బండి మట్టంగా లేదు. జాకీ మీద ఒక మూల లేపి ఉంచి, లేదా నలిగిపోయిన బాడీ రబ్బర్ల మీద టబ్బు (ఛాసిస్ మీద కూర్చునే బాడీ తొట్టి) వాలి ఉన్నప్పుడు అట్ట నమూనా కోసుకుంటారు. కుళ్లిన ఫ్లోరు మొత్తం ఒకేసారి కోసేసినా ఇదే గతి. ఫ్లోరు పోగానే టబ్బు రెండు పక్కలూ తెరుచుకుంటాయి.

*పరిష్కారం:* ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద పెట్టి, మేస్త్రీలు వాడే నీటి ట్యూబుతో నాలుగు మూలలూ ఒకే మట్టానికి తీసుకురండి. బాడీ మౌంటు రంధ్రాల మధ్య రెండు ఐమూలలూ టేపుతో కొలవండి. తేడా 3 మి.మీ. లోపుంటే సర్దుకోవచ్చు, అంతకు మించితే ముందు ఛాసిస్ సంగతి చూడాలి. తర్వాత కొత్త రబ్బర్లు వేసి, టబ్బు లోపల 25×25 స్క్వేర్ పైపుతో అడ్డంగా రెండు, ఐమూలగా రెండు ఆసరాలు టాక్ చేసి (చుక్క వెల్డింగ్‌తో అతికి), అప్పుడే ఫ్లోరు మీద కట్టింగ్ వీలు పెట్టండి. అదీ సగం సగం.

సీజే-3బీ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. 1953లో వచ్చిన ఈ మోడల్‌లో ఎత్తైన హరికేన్ ఇంజను పట్టడానికి బానెట్, గ్రిల్లు ఎత్తు పెంచారు. పాత పొట్టి బానెట్ జీపు నుంచి అట్ట నమూనా తెచ్చి దీనికి కోస్తే ఎంత సర్దినా కలవదు. మోడల్ చూసి నమూనా తీసుకోండి.

మర్చిపోకూడని మాట ఒకటుంది. ఈ జీపుల్లో పెట్రోలు ట్యాంకు ఉండేది డ్రైవరు సీటు కిందే. ఫ్లోరు దగ్గర నిప్పురవ్వ పడేలోపు ట్యాంకు దింపి షెడ్డు బయట పెట్టాలి, బ్యాటరీ వైర్లు ఊడదీయాలి. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని వదిలేయకండి, ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలేది.

వంపు గీత మీదే వంచాం, సైజు మాత్రం పెరిగింది

షీటు వంచడానికి మన దగ్గర బీరువాలు చేసే షాపులే దిక్కు. వాళ్ల చేయి 20, 22 గేజీకి అలవాటు. 18 గేజీ వచ్చేసరికి మూల గుండ్రం మారుతుంది, లెక్కా మారుతుంది. 90 డిగ్రీల వంపు ఒక్కోదానికి బయటి కొలతల మొత్తంలోంచి సుమారు 2 మి.మీ. తీసేయాలి. ఉదాహరణకు బయటికి 300 మి.మీ. ప్యానెల్, రెండు పక్కలా 20 మి.మీ. అంచులు కావాలంటే కోయాల్సింది 340 కాదు, 336.

ఆ 2 కూడా వంచే మిషను డై (అచ్చు) బట్టి మారుతుంది. అందుకే అదే షీటులో 100 మి.మీ. పొడవు ముక్క కోసి, ఆ మిషను మీదే మధ్యలో వంచి, రెండు కాళ్ల బయటి కొలతలు కూడండి. మొత్తంలో 100 పైన ఎంత వచ్చిందో అదే మీ తీసివేత. వంపు కొంచెం తెరుచుకోవడం మామూలే, 2, 3 డిగ్రీలు ఎక్కువ వంచమని చెబితే సరిపోతుంది.

పొడవాటి వెల్డింగ్ వేశాక సైడు ప్యానెల్ అలలు తేలింది

ఎక్కువ ప్యానెళ్లు స్క్రాపుకు పోయేది ఇక్కడే. వెల్డింగ్ లోహం కరిగి చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. అతుకు పొడవునా రేకు పొట్టిదవుతుంది, పక్కనున్నది పాత పొడవులోనే ఉంటుంది. ఆ మిగులు రేకు ఎక్కడికీ పోలేక అలగా లేస్తుంది. నాడా గట్టిగా లాగితే లంగా కుచ్చెళ్లు పడ్డట్టే. చాలామంది లేచిన అలను సుత్తితో కొడతారు. అల తప్పు చేయలేదు, పొట్టిదైపోయింది అతుకు. సాగదీయాల్సింది దాన్నే.

మొదటి నుంచీ ఇలా చేస్తే అల పెద్దగా రాదు:

ఒకదాని మీద ఒకటి పెట్టి అతకొద్దు, అంచుకు అంచు ఆనించండి. సందు 0.5 నుంచి 1 మి.మీ. మించకూడదు. అంచులు ఆకురాయితో సాపు చేయాలి.

సీఓటూ మిషనులో (తీగతో, గ్యాసు రక్షణలో వెల్డ్ చేసేది) 0.8 మి.మీ. తీగ, ఈఆర్70ఎస్-6 రకం. ఉత్త సీఓటూ గ్యాసుతో కూడా అతుకు పడుతుంది గానీ, పలచని రేకుకు ఆర్గాన్ 80, సీఓటూ 20 పాళ్ల మిశ్రమం మెత్తగా కాలుతుంది, చిందులు తక్కువ. 60, 70 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి పనికిరాని ముక్క మీద సరిచూసుకోండి. మామూలు రాడ్డు వెల్డింగ్‌తో ఈ రేకు జోలికి వెళ్లొద్దు.

రెండు కొసలా ఒక్కో టాకు, మధ్యలో ఒకటి, ఆ సగాల మధ్యలో ఒక్కోటి. ఇలా దూరం 25 మి.మీ.కు వచ్చేదాకా దూకుతూ వేయండి. ఒక్కో టాకుకు సెకనుకు మించి ట్రిగ్గర్ నొక్కొద్దు. చేయి పెట్టి పట్టుకోగలిగేంత చల్లారాకే దాని పక్కన ఇంకో టాకు. నీళ్లు చల్లొద్దు.

మరీ ముఖ్యమైన మెట్టు చాలా షెడ్లలో ఎగ్గొట్టేది: టాకు చల్లారాక దాని ఎత్తును గ్రైండరుతో రేకు మట్టానికి దాదాపు దించి, వెనక డాలీ (చేతిలో పట్టే ఇనుప దిమ్మ) ఆనించి, పైనుంచి చదును సుత్తితో నేరుగా ఆ టాకు మీద కొట్టాలి. సుత్తికీ డాలీకీ మధ్య నలిగి ఆ చోటు కొంచెం సాగుతుంది, కుంచించుకున్నది తిరిగొస్తుంది. ఎత్తు దించకుండా కొడితే సీఓటూ అతుకు గట్టిది కాబట్టి పక్కన చీలుతుంది.

అల వచ్చేశాక కూడా మందు ఇదే. అతుకు వెంట ఒక కొస నుంచి రెండో కొసకు డాలీ మీద కొట్టుకుంటూ వెళ్తే అల క్రమంగా దిగుతుంది. రెండు వరుసలు కొట్టి, స్టీలు స్కేలు ఆనించి చూసి, మళ్లీ కొట్టండి. ఆత్రపడి ఎక్కువ సాగదీస్తే సమస్య తిరగబడుతుంది. గ్రైండింగ్ కూడా వేడే. ఫ్లాప్ డిస్కు ఒకే చోట నిలిపితే రేకు నీలి రంగు తిరిగి, అప్పటిదాకా సరిచేసిందంతా పాడవుతుంది.

అతుకును ప్యానెల్ నట్టనడుమ కాకుండా మడత పక్కనో, బీడు (రేకులో రోలరుతో నొక్కిన గాడి) పక్కనో పడేలా మొదట్లోనే గీసుకుంటే సగం పని తప్పుతుంది. మడత దగ్గర రేకు బిగువుగా ఉంటుంది, వేడికి అంత లొంగదు.

అతుకులో చిన్న చిన్న రంధ్రాలు

తీగ, గ్యాసు సరిగ్గానే ఉన్నాయి, పొద్దున వేసిన అతుకు బాగుంది, మధ్యాహ్నం వేసింది తేనెతుట్టెలా ఉందంటే గాలి. తీరం వైపు షెడ్లలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేవగానే గ్యాసు కొట్టుకుపోతుంది. గ్యాసు పెంచితే లాభం లేదు, నిమిషానికి 10, 12 లీటర్లే చాలు. గాలి వచ్చే వైపు పట్టా కట్టండి, ఫ్యాను ఆపండి. తూటు పడిన చోట వెనక రాగి ముక్క ఆనించి నింపితే కరిగిన లోహం కిందికి జారదు, రాగికి అంటుకోదు.

నొక్కితే టక్కుమని లోపలికి పోయి, వదిలితే బయటికి వస్తోంది

మధ్యలో రేకు మిగిలింది, చుట్టూ అంచు బిగిసింది. ముందు పక్కన వెల్డింగ్ గీత ఉందేమో చూడండి. ఉంటే పై పద్ధతిలో ఆ గీతను సాగదీయండి, ఎక్కువ కేసులు అక్కడే తీరతాయి. సుత్తి దెబ్బలు ఎక్కువై మధ్య నిజంగానే సాగిందని తేలితే వేడితో కుదించాలి.

గ్యాసు కట్టర్ కాదు, చిన్న నాజిలున్న గ్యాసు వెల్డింగ్ టార్చి కావాలి. ఉబ్బులో ఎత్తైన చోట వేలి గోరంత మచ్చను ముదురు ఎరుపు వచ్చేదాకా వేడి చేయండి. ఆ చోటు పైకి లేస్తుంది. వెంటనే చుట్టూ లోపలి వైపుకు మెల్లగా తట్టి, వెనక డాలీ ఊరికే ఆనించి, మచ్చను దించండి. ఎరుపు పోయాక తడి గుడ్డ అద్దండి. పూర్తిగా చల్లారాక చూసి, అవసరమైతేనే పక్కన రెండో మచ్చ. ఒక్క చోటే మళ్లీ మళ్లీ కాల్చితే రేకు పెళుసెక్కుతుంది.

మడ్‌గార్డు అంచు ముడతలు పడుతోంది, లేదా చీలుతోంది

ఈ రెండూ రెండు వేరు జబ్బులు. బయటికి తిరిగిన గుండ్రం మీద అంచు మడిస్తే అక్కడ రేకు ఎక్కువై ముడత పడుతుంది. లోపలికి తిరిగిన గుండ్రం మీద మడిస్తే రేకు చాలక చీలుతుంది.

ముడతకు: 10, 12 మి.మీ. కన్నా అంచు ఎక్కువ పెట్టొద్దు. చింత మొద్దు మీద కొయ్య సుత్తితో కొసలు రెండూ వదిలి మధ్యలోంచి కొద్దికొద్దిగా దించండి. 90 డిగ్రీలకు ఒకేసారి కాదు, ఐదారు విడతల్లో. ముడత ఒకదాని మీద ఒకటి మడత పడనివ్వొద్దు, పడితే అది చీలికే. చీలికకు: కోసిన అంచులోని గరుకు ముళ్లే మొదలు, ఆకురాయితో నున్నగా చేశాకే మడవండి. అప్పటికీ చీలితే అక్కడ కోత పెట్టి, మడిచాక ముక్క అతికించడమే మేలు.

బీడు రోల్ చేశాక ప్యానెల్ అరటికాయలా వంగింది

బీడు లోతు కోసం చుట్టూ ఉన్న రేకును లాక్కుంటుంది. బీడును అంచుల దాకా తీసుకెళ్లకుండా 25 మి.మీ. ముందే ఆపండి. లోతు మూడు నాలుగు విడతల్లో తీసుకోండి. ఇంకోటి, అంచులు మడిచాక బీడు వేయకండి, బీడు వేశాకే మడవాలి.

ఒక్క వర్షాకాలానికే పెయింటు పొక్కులు లేచాయి

కళింగపట్నం, బారువ వైపు బండ్లకు ఇది త్వరగా వస్తుంది. ఉప్పు గాలి ఒక కారణం, అంతకన్నా పెద్దది ఉప్పు నీరు. తీరం ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీళ్లతో తడి పేపరు రుద్ది, తుడిచి ప్రైమరు కొడితే ఉప్పు రేకు మీదే మిగులుతుంది. తర్వాత తేమను పెయింటు కిందికి లాగేది అదే. చివరి కడుగుడుకు డబ్బాల్లో కొనే మంచినీళ్లు వాడండి.

రెండో కారణం లప్పం. ఒట్టి రేకు మీద లప్పం పూసి, రెండు రోజులు అలా వదిలేస్తారు. లప్పం తేమ పీలుస్తుంది, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. ముందు 80 నంబరు పేపరుతో గరుకు చేసి, అదే రోజు ఎపాక్సీ ప్రైమరు కొట్టి, దాని మీద లప్పం పెట్టండి. 3 మి.మీ.కు మించి లప్పం కావాలంటే రేకు పని ఇంకా అవలేదని అర్థం. ముసురు పట్టిన రోజు, రేకు చేతికి చెమ్మగా తగిలినప్పుడు స్ప్రే గన్ను తీయొద్దు.

డబ్బాలా మూసుకుపోయే చోట్ల లోపలి వైపు అతికేముందే జింకు ప్రైమరు కొట్టాలి. ప్రతి దాని అడుగున 8 మి.మీ. రంధ్రం ఉండాలి, నీరు దిగిపోవడానికి. పైనుంచి సీలెంట్ వేసేటప్పుడు ఆ రంధ్రం మూసేస్తే ముందున్నదానికన్నా త్వరగా పుచ్చుతుంది.

కొండ రోడ్డు తిరిగొచ్చాక బ్రాకెట్ పక్కన పగులు

బ్రాకెట్ మూల చదరంగా ఉంటే పగులు అక్కడి నుంచే. మూలలు గుండ్రం చేసి, వెనక 2 మి.మీ. ప్లేటు బ్రాకెట్ కన్నా ప్రతి వైపు 25 మి.మీ. పెద్దది వేయండి. వచ్చిన పగులు కొసన 3 మి.మీ. డ్రిల్లు వేశాకే వెల్డ్ చేయాలి, లేకపోతే అది పక్కకు పాకుతుంది.

రికార్డు దగ్గర ఆగింది

ఆర్సీలోని వివరాలు మారేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. అసలు ఆకారంలోనే రేకులు మార్చడం వేరు, ఛాసిస్ పొడవు పెంచి కొత్త రకం బాడీ కట్టడం వేరు. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలనుకుంటే 2021 నాటి నిబంధనల ప్రకారం ఛాసిస్, బాడీ షెల్, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. అందుకే టబ్బు మొత్తం పారేసేముందు ఏ భాగం నిలుస్తుందో చూసి దాన్ని నిలపండి. విప్పేటప్పుడే నాలుగు వైపులా, ఛాసిస్ నంబరు దగ్గరా ఫొటోలు తీసుకోండి. నంబరు ఉన్న చోట గ్రైండరు పెట్టొద్దు, వైరు బ్రష్షు చాలు.