కాల్‌లో మాట తెగుతుంటే వేగం కన్నా ముందు నిలకడ చూడండి

ఇంటర్నెట్ కాల్‌లో మాట ముక్కలుముక్కలుగా వినిపించగానే చాలామంది పెద్ద ప్లాన్‌కు మారాలనుకుంటారు. నిజానికి ఒక వాయిస్ కాల్‌కు సెకనుకు 100 కిలోబిట్లు సాధారణంగా సరిపోతాయి, కాబట్టి చాలాసార్లు లోపం వేగంలో కాక, ప్యాకెట్లు (మాటను మోసుకెళ్లే చిన్న చిన్న డేటా ముక్కలు) సమయానికి చేరకపోవడంలో ఉంటుంది.

కాల్ నడుస్తుండగానే కంప్యూటర్ నుంచి మీ రౌటర్ చిరునామాకు (చాలా ఇళ్లలో అది 192.168.1.1) పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే చిన్న సందేశం) పంపి చూడండి. జవాబు ప్రతిసారీ రెండు మూడు మిల్లీసెకన్లలో వస్తే వైఫై బాగున్నట్టే. ఒకసారి 3, మరోసారి 180 అని వస్తుంటే లోపం ఇంట్లోనే ఉందని, రౌటర్‌కు దగ్గరగా జరగాలని లేదా కేబుల్ పెట్టుకోవాలని అర్థం.

మీకు అవతలివారి మాట స్పష్టంగా వినిపిస్తూ, వారికి మాత్రం మీ మాట తెగుతుంటే అప్‌లోడ్‌ను అనుమానించండి. మా ఇంట్లో ఫోన్ ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నంతసేపూ అమెరికాలో ఉన్న మా అమ్మాయికి నా మాటలో సగమే చేరేది. ఆ బ్యాకప్‌ను రాత్రి వేళకు మార్చాక ఆ ఇబ్బంది తీరింది.

మీ గొంతే మీకు తిరిగి వినిపిస్తుంటే మాత్రం మీ పరికరాలను మార్చకండి. అది సాధారణంగా అవతలి స్పీకర్ శబ్దం అక్కడి మైకులోకి వెళ్లడం వల్ల వస్తుంది కనుక, వారినే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమనండి.