వర్డ్‌లో ఐపీఏ గుర్తులు టైప్ చేయడం ఇంత ఈజీనా

ఎంఏ లింగ్విస్టిక్స్‌లో చేరాక నాకు ఫొనెటిక్స్ (మాటల్లోని ధ్వనుల చదువు) కంటే ఐపీఏ, అంటే ఏ భాష ఉచ్చారణనైనా రాసే అంతర్జాతీయ ధ్వని లిపి గుర్తులు టైప్ చేయడమే పెద్ద తలనొప్పి అయింది, ఒక్కో గుర్తూ ఎక్కడో వెతికి కాపీ పేస్ట్ చేసుకుంటూ ఇరవై పదాల అసైన్‌మెంట్‌కి సాయంత్రమంతా పోయేది. వర్డ్‌లో యూనికోడ్ నంబర్ (ప్రతి గుర్తుకీ కంప్యూటర్లో ఉండే కోడ్) కొట్టి వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే గుర్తు వచ్చేస్తుంది. తెలుగు డేటాకి ముందు మూడు గుర్తుపెట్టుకోండి చాలు: 'పాట'లో ట కి 0288, 'గోడ'లో డ కి 0256, 'వీణ'లో ణ కి 0273. ఇంగ్లిష్ ష్వాకి (about మొదట్లో వినిపించే బలహీనమైన అచ్చు) 0259. కోడ్ తెలియని గుర్తు ఏదైనా పేపర్లో కనబడితే అది వర్డ్‌లో పేస్ట్ చేసి, కర్సర్ దానికి కుడి పక్కనే పెట్టి అదే ఆల్ట్ ఎక్స్ కొట్టండి, నంబర్ బయటపడుతుంది. నేను ఇలా పోగేసినవి నోట్‌బుక్ అట్ట వెనకాల రాసిపెట్టుకున్నా.

ఒకటే జాగ్రత్త, నంబర్‌కి ముందు ఖాళీ లేకుండా ఏ నుంచి ఎఫ్ లోపు ఇంగ్లిష్ అక్షరం ఉంటే దాన్నీ కోడ్‌లో కలిపేసుకుంటుంది, అసలు గుర్తు రాదు. అప్పుడు ఆ నాలుగంకెలు మాత్రమే సెలెక్ట్ చేసి నొక్కాలి. గూగుల్ డాక్స్‌లో మాత్రం ఇది పనిచేయదు, అక్కడ ఇన్సర్ట్ మెనూలో స్పెషల్ క్యారెక్టర్స్‌కి వెళ్లి అదే నంబర్ సెర్చ్‌లో కొట్టుకోవాల్సిందే.