వంచిన చెక్క కుర్చీకి మేకు కొట్టకండి

మద్రాసులో పారిస్ కార్నర్ దగ్గర మా తాతగారికి చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. అది మూసేసినప్పుడు బల్లలు, గిన్నెలు అన్నీ అమ్మేశారు గానీ, నాలుగు కుర్చీలు మాత్రం రిక్షా ఎక్కి పురసవాక్కంలో మా ఇంటికి వచ్చాయి. గుండ్రటి సీటు, పేము అల్లిక, వీపు ఆనేచోట ఒకదానిలో ఒకటి ఒదిగిన రెండు వంపులు. ఇంట్లో అందరం వాటిని 'హోటల్ కుర్చీలు' అనేవాళ్లం.

పదేళ్ల కిందట వాటిలో ఒకటి ఊగుతోందని వడ్రంగిని పిలిచాను. వెనక కాలు సీటుకి ఆనుకునే చోట రెండు మేకులు దిగ్గొట్టి వెళ్లాడు. వారం రోజులు రాయిలా ఉంది. ఆ తర్వాత కాలు నిలువునా చీలింది. అతన్ని తప్పుపట్టను. ఈ కుర్చీని ఎలా తయారుచేస్తారో అతనికీ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. ఇలాంటి పాత కుర్చీ మీ ఇంట్లో ఉన్నా, కొనాలనుకుంటున్నా ముందు ఆ సంగతి తెలుసుకోండి. రిపేరంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఈ రకం కుర్చీని తయారుచేసిన మైకేల్ టోనెట్ 1796లో రైన్ నది ఒడ్డున బోపార్డ్ అనే ఊళ్లో పుట్టాడు. వృత్తి వడ్రంగం. మొదట్లో పల్చటి చెక్క పట్టీలను జిగురులో ఉడికించి, ఒకదాని మీద ఒకటి అతికించి వంచేవాడు. 1842లో వియన్నా చేరాడు. అతికించిన చెక్కకి తేమ పడదు. అందుకని జిగురే అక్కర్లేకుండా, బీచ్ అనే చెట్టు నిండు కర్రను ఆవిరి పట్టి వంచే పద్ధతి కనిపెట్టి 1856లో పేటెంటు తీసుకున్నాడు. మూడేళ్లకు, 1859లో, అతని 14వ నంబరు మోడల్ కుర్చీ వచ్చింది. మా తాతగారి కుర్చీలు ఆ బాణీలోవే.

కర్రను వంచడంలోని కిటుకు ఇది. ఆవిరి పట్టిన కర్ర నొక్కితే బాగా కుదించుకుంటుంది, లాగితే మాత్రం దాదాపుగా సాగదు. వంచేటప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగాల్సి వస్తుంది. సాగలేక అక్కడే ఫట్‌మని విరుగుతుంది. టోనెట్ ఆ బయటి వైపున పొడుగునా లోహపు పట్టీ వేసి, రెండు కొసలనూ గట్టిగా బిగించాడు. దాంతో బయటి వైపుకి సాగే పని తప్పింది, కర్ర అంతా లోపలికే కుదించుకుంది. అలాగే ఇనుప అచ్చుకి బిగించి ఆరనిస్తే ఆ వంపు శాశ్వతంగా నిలిచిపోతుంది. కర్రలోని నార ఎక్కడా తెగదు, కాలి అడుగు నుంచి తల మీది వంపు దాకా ఏకధాటిగా పోతుంది. మేకు కొట్టడమంటే ఆ నారల మధ్య ఉలి దించినట్టే.

14వ నంబరు కుర్చీలో ఉన్నవి ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడదీస్తే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఓడల్లో అలా పంపించి, చేరిన ఊళ్లో బిగించుకునేవారు. 1930 నాటికి సుమారు 5 కోట్లు అమ్ముడుపోయాయి. పేటెంటు గడువు 1869లో తీరిపోయాక జేకబ్ అండ్ జోసెఫ్ కోన్ లాంటి కంపెనీలు కూడా ఇవే చేశాయి. వియన్నా కాఫీ హోటళ్ల నుంచి మన ఇరానీ హోటళ్ల దాకా ఈ బాణీ పాకింది. హోటలు నడిపేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఒక్క చేత్తో ఎత్తొచ్చు, రాత్రి బల్ల మీద బోర్లించి కింద ఊడ్చుకోవచ్చు. మద్రాసు మే నెలలో కూర్చున్నా పేము సీటు కింద నుంచి గాలి ఆడుతుంది. ఫోమ్ కుర్చీలో ఆ సుఖం నాకు ఎప్పుడూ దొరకలేదు.

పాత సామాను కొట్లో ఇలాంటిది కనిపిస్తే వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి. వెనక కాళ్లు, పై వంపు కలిసి ఒకటే కర్రగా ఉండాలి, మధ్యలో అతుకు కనిపించకూడదు. చెక్క గీతలు వంపుతో పాటే తిరగాలి. గీతలు వంపు దగ్గర అంచుకి తగిలి ఆగిపోతే అది పలకలోంచి కోసిన ముక్క, వంచింది కాదు. తర్వాత కుర్చీని న్యూస్‌పేపర్ మీద పెట్టి రెండు దెబ్బలు తట్టండి. సన్నటి పిండి రాలితే లోపల పురుగు ఉన్నట్టే, ఆ కుర్చీని మిగతా సామాను దగ్గరికి రానివ్వకండి. సీటు చక్రం లోపలి వైపు కంపెనీ ముద్రో, చిరిగిన కాగితం లేబులో ఉండొచ్చు. ఉంటే సంతోషం, లేకపోయినా కర్ర బాగుంటే నేను కొంటాను.

ఇక ఊగే కుర్చీ సంగతి. బోర్లించి, ఒక్కో స్క్రూనీ బిగించి చూడండి. చాలాసార్లు అంతటితోనే పని అయిపోతుంది. సముద్రపు గాలికి స్క్రూలు తుప్పు పట్టి ఉంటే బలవంతం చేయకండి. తల మీది గాడిని దబ్బనంతో శుభ్రం చేసి, ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవరే వాడాలి, చిన్నది వాడితే గాడి అరిగి ఇంకెప్పటికీ ఊడదు.

స్క్రూ తిరుగుతూనే ఉండి పట్టు దొరకకపోతే బెజ్జం వదులైందన్నమాట. అగ్గిపుల్లల మందు తుంచేసి, ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో బిర్రుగా కూరండి. ఒక రోజు ఆరాక పైకి వచ్చిన భాగం కోసేసి, స్క్రూకి కాస్త కొవ్వొత్తి మైనం రాసి ఎక్కించండి. జిగురు బెజ్జంలోకే పోయాలి. కాలికీ సీటుకీ మధ్య పూస్తే తర్వాతివాళ్లు దాన్ని ఎప్పటికీ విప్పలేరు. ముందు కాళ్లు సీటు చక్రం కింది బెజ్జంలోకి దిగే రకమైతే, అక్కడ పాత జిగురు గీకేసి కొత్తది పెట్టొచ్చు.

పేము జారినట్టు కుంగి, ఎక్కడా తెగకుండా ఉంటే దాన్ని మార్చక్కర్లేదు. పేముకి పైవైపు నున్నటి పెంకు ఉంటుంది, అది నీళ్లు పీల్చదు. అడుగువైపే పీలుస్తుంది. అందుకని కుర్చీ బోర్లించి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను అడుగున పరిచి అరగంట ఉంచండి. తీసేసి నీడలో ఒక రోజు ఆరబెట్టండి, ఎవరూ కూర్చోకూడదు. ఆరేకొద్దీ పేము బిగుసుకుంటుంది. మొదటిసారి చేసినప్పుడు మర్నాడు పొద్దున వేలితో కొట్టి చూశాను, చిన్న డప్పులా మోగింది.

తెగిపోతే మాత్రం కొత్తగా అల్లించాల్సిందే. ప్లైవుడ్ ముక్క కొట్టించకండి. సీటు చక్రం చుట్టూ బెజ్జాలుంటే చేత్తో అల్లే రకం. గాడి ఉంటే మిషన్ మీద అల్లిన పేము షీటును తడిపి, గాడిలోకి దించి బద్దతో బిగిస్తారు. మాది బెజ్జాల రకం. ఒక ప్రభుత్వ ఆఫీసులో కుర్చీలు అల్లే ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన మా ఇంటికొచ్చి రెండు రోజులు కూర్చుని అల్లారు. ఆయనకి చూపు లేదు. ముందుగా వేలి కొనతో బెజ్జాలన్నీ లెక్కపెట్టుకున్నారు, డెబ్బై రెండు. తర్వాత నిలువు వరస, దాని మీద అడ్డం, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం, రెండు ఐమూల వరసలు, చివర అంచు కట్టు, మొత్తం ఏడు విడతలు. ఐమూల పట్టీ లాగుతున్నప్పుడు ఒకసారి ఆగి, "ఈ చప్పుడు విన్నారా అమ్మా?" అన్నారు. సరైన దారిలో వెళ్లిన పట్టీ సర్రున జారుతుంది. తప్పు వైపు దూరితే పక్కదానికి గీరుకుంటుంది, గీరుకున్న చోటే ఏడాదిలో తెగుతుంది. ఆయన ఆ పట్టీ వెనక్కి తీసి మళ్లీ దూర్చారు. మీరు అల్లించుకునేటప్పుడు కూడా ఆ చప్పుడు వినండి.

పాలిష్ విషయంలో తొందరపడకండి. మురికిని తడిగుడ్డతో తుడిచి, అవసరమైతే సన్న ఉప్పు కాగితంతో లైట్‌గా రుద్ది, పల్చగా లక్క పాలిష్ వేస్తే చాలు. పేము అడుగున మాత్రం ఏదీ పూయకండి, నీళ్లు పీల్చే దారి మూసుకుపోతుంది. వెనక కాళ్ల మీద వాలి ఊగడం పిల్లలకి మాన్పించండి, స్క్రూలు వదులయ్యేది ఎక్కువగా దానివల్లే. ఎండలకి చెక్క ఎండి కుంచించుకుంటుంది కాబట్టి, నేను ఏటా ఉగాది వెళ్లాక ఓసారి స్క్రూలన్నీ బిగిస్తాను.

చీలిన ఆ కాలిని ఎలా బాగుచేశామో కూడా చెప్తాను. మేకులు పీకేసి, చీలికను కాస్త తెరిచి, సన్నటి అట్టముక్కతో ఫెవికాల్ లోపలిదాకా పంపాం. వంపు కర్రకి క్లాంపు నిలవదు. అందుకని పాత సైకిల్ ట్యూబును రిబ్బన్‌లా కోసి, సాగదీస్తూ కాలి చుట్టూ పది చుట్లు చుట్టాం. రెండు రోజుల తర్వాత విప్పితే సన్నటి గీత మిగిలింది. మా అమ్మ ఇప్పుడు రోజూ ఆ కుర్చీలోనే కూర్చుని కాఫీ తాగుతుంది.