ఒక కారు, మూడు మెడలు

మా ఇంట్లో కారు ఒకటే, నడిపేవాళ్ళం ముగ్గురం. నేను అయిదడుగుల మనిషిని. పాలకొల్లు నుంచి రోజూ కాలవ గట్టు మీదుగా స్కూలుకి వెళ్ళొస్తాను. మా ఆయన అయిదడుగుల పదకొండంగుళాలు. ఆదివారం తప్ప స్టీరింగ్ ముట్టుకోరు. మావయ్యగారికి డెబ్భై ఒకటి, వీపు వంగింది. అయినా నరసాపురంలో పని ఉందంటే తాళాలు ఎవరికీ ఇవ్వరు. సీటు పైన తల వెనక ఉండే ఆ హెడ్‌రెస్ట్ అంటే ముగ్గురికీ పడేది కాదు, ఎవరి గొడవ వారిది. నాకు తలని ముందుకి తోసేది. మా ఆయనకి మెడ దగ్గరే ఆగిపోయేది. మావయ్యగారికైతే అసలు అందేదే కాదు.

కారు కొన్న నెలకే నేనో తెలివైన పని చేశాను. హెడ్‌రెస్ట్ పైకి లాగేసి, దాని వెనకవైపు ముందుకి వచ్చేలా తిప్పి పెట్టేశాను. తల వెనక బోలెడంత చోటు దొరికింది, హాయిగా ఉంది. రెండేళ్ళు అలాగే తిరిగాను.

దాళ్వా, అంటే రెండో పంట, కోతల రోజులు. కాలవ లాకుల దగ్గర సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. ముందున్న ట్రాక్టర్ ఆగింది, నేనూ ఆగాను. వెనకాల రొయ్యల వ్యాన్ ఆగలేదు. పెద్ద దెబ్బేం కాదు, బంపర్ చొట్టపోయింది, డిక్కీ మూత పడనని మొరాయించింది. దిగి, అతనితో గొడవపడి, స్కూలుకి వెళ్ళి పాఠం కూడా చెప్పాను. మర్నాడు పొద్దున్న మంచం మీద నుంచి లేవబోతే తల నాది కానట్టు ఉంది. ఎముకేం విరగలేదని డాక్టరుగారు చెప్పారు గానీ, పక్కకి చూడాలంటే మొత్తం ఒంటినే తిప్పాల్సిన స్థితి మూడు వారాలు పోలేదు. ఈ నొప్పి గుణమే అంత, చాలామందికి మర్నాడే బయటపడుతుంది. చేతుల్లో తిమ్మిరి గానీ, తల తిరగడం గానీ ఉంటే మర్నాటిదాకా కూడా ఆగకూడదు.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. పిల్లలకి జడత్వం పాఠం చెప్పేటప్పుడు పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, ఉదాహరణే చెప్తాను. రేవు నుంచి పంటు ఒక్క కుదుపుతో కదిలితే కాళ్ళు దాంతో పోతాయి, మనిషి వెనక్కి తూలతాడు. కారులో జరిగేదీ అదే. వెనక నుంచి గుద్దితే సీటు మన వీపుని ముందుకి తోస్తుంది. తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ రెండిటి మధ్యా నలిగేది మెడ. రెప్పపాటు పనిది, గట్టిగా పట్టుకుని కూర్చుందామంటే టైముండదు. తల ఎంత తక్కువ దూరం వెనక్కి పోయి ఆగితే మెడకి అంత క్షేమం. దాన్ని ఆపడానికి పెట్టిందే హెడ్‌రెస్ట్. రెస్ట్ అని పేరు పెట్టి మనల్ని పక్కదారి పట్టించారు. అమెరికాలో 1969 జనవరి 1 నుంచి కొత్త కార్ల ముందు సీట్లకి దీన్ని తప్పనిసరి చేశారు. ఆ తర్వాతి నిబంధనలో తలకీ దానికీ మధ్య ఖాళీ 55 మిల్లీమీటర్లు దాటకూడదన్నారు. ఈ కాలం హెడ్‌రెస్ట్‌లు ముందుకి వంగి మన మీదకి వస్తున్నట్టు ఉండేది ఆ దూరం తగ్గించడం కోసమే.

ఆ ఖాళీని కొలిచేది మనుషుల మీద కాదు, బొమ్మ మీద. ఆ బొమ్మ దాదాపు 25 డిగ్రీలు వెనక్కి వాలి కూర్చుంటుంది. నాలాగా పాతిన కర్రలా నిటారుగా కూర్చునేవాళ్ళకి అదే హెడ్‌రెస్ట్ తలని తోస్తుంది. అంటే చాలాసార్లు తప్పు హెడ్‌రెస్ట్‌ది కాదు, సీటు వాలుది. కాబట్టి హెడ్‌రెస్ట్‌ని చివర్లో ముట్టుకోవాలి.

ముందు నడుము సీటు మూలకి ఆనేలా పూర్తిగా వెనక్కి జరిగి కూర్చోండి. క్లచ్ అడుగుదాకా నొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటుని ముందుకో వెనక్కో జరపండి. ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి ఆ చోటు కావాలి. తర్వాత వీపు వాలు. భుజాలు సీటుని వదలకుండా చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. ఇదంతా అయ్యాక హెడ్‌రెస్ట్ ఎత్తు. దాని పైఅంచు మీ నడినెత్తితో సమంగా ఉంటే మేలు. అంత ఎత్తు రాకపోతే చెవుల పైభాగం కన్నా మాత్రం కిందికి ఉండకూడదు. మెడ దగ్గర ఆగిపోతే అది సాయం చేయకపోగా, తల దాని మీదుగా వెనక్కి విరుచుకుపడుతుంది. చివరికి ఖాళీ. తల వెనక రెండు మూడు వేళ్ళు పట్టాలి. అంటే నాలుగయిదు సెంటీమీటర్లు. పది దాటిందంటే అది అలంకారానికి ఉన్నట్టే.

ఈ ఖాళీ అద్దంలో కనపడదు. మా పాపని పక్క తలుపు దగ్గర నిలబెట్టి ఫోనులో ఫొటో తీయించాను. మొదటి ఫొటో చూసి మా అత్తగారు, "అదేంటమ్మా, కొంగలా మెడ చాచి కూర్చున్నావు?" అన్నారు. నిజమే. నేను ఆనుకుని కూర్చున్నాననే అనుకుంటున్నాను, ఫొటోలో తల వెనక జానెడు ఖాళీ ఉంది. అది కూడా మామూలుగా నడిపే భంగిమలోనే తీయించుకోవాలి. ఫొటో అనగానే అందరం బుద్ధిగా సర్దుకుంటాం.

నా లెక్క ఇలా తేలింది. రోడ్డు కనపడదని కింద మందపాటి దిండు వేసుకునేదాన్ని. దిండు వేస్తే తల లేస్తుంది, హెడ్‌రెస్ట్ లేవదు. అదే సీటు ఎత్తు పెంచే లివర్ వాడితే మా కారులో సీటు మొత్తం పైకి వస్తుంది, దాంతోపాటే హెడ్‌రెస్ట్ కూడా. దిండు తీసేశాను. హెడ్‌రెస్ట్‌ని మళ్ళీ సరైన వైపుకి తిప్పాను. సీటు వీపుని ఒక గాటు వెనక్కి వాల్చాను, తలని తోయడం సగం తగ్గిపోయింది. మిగతా సగం నా కొప్పుది. పొద్దున్నే హడావిడిగా చుట్టి, పెద్ద ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి, పైన మల్లెపూలు. తలకీ హెడ్‌రెస్ట్‌కీ మధ్య ఇదంతా ఉంటే అది తోయక ఏం చేస్తుంది? దెబ్బ తగిలినప్పుడు ఆ క్లిప్పు నెత్తిలోకి దిగడం వేరే సంగతి. ఇప్పుడు జడ వేసుకుని భుజం మీదుగా ముందుకి వేసుకుంటున్నాను. పూలు ఎలాగూ స్కూలు చేరేసరికి నలిగిపోయేవి, ఇప్పుడు నలగడం లేదు.

మా ఆయనది పడక కుర్చీ పద్ధతి. ఒక చేత్తో స్టీరింగ్, సీటు వెనక్కి వాలిపోయి, వెనకవాళ్ళ మోకాళ్ళ మీద పడుకున్నట్టు. వాలు ఎక్కువైతే తల ముందుకి వచ్చేస్తుంది, ఖాళీ పెరుగుతుంది. పైగా గుద్దినప్పుడు ఒళ్ళు సీటు మీద పైకి జారుతుంది, పొడుగు మనిషికి అసలే చాలని ఎత్తు ఇంకా చాలదు. ఆయన సీటుని అడుగుదాకా దించి, వీపు లేపి, హెడ్‌రెస్ట్‌ని చివరి గాటుదాకా లాగాం. అప్పటికీ నెత్తికి రెండు వేళ్ళు తక్కువే, చెవులు మాత్రం దాటింది. హెడ్‌రెస్ట్ సీటుతో కలిసే ఉండే చిన్న కార్లలో పొడుగువాళ్ళకి ఈ మాత్రం కూడా కుదరదు. కొనేముందు ఎక్కి కూర్చుని చూసుకోవాలి.

మావయ్యగారి సంగతి కష్టం. వీపు వంగినవాళ్ళకి తల ఎప్పుడూ ముందుకే ఉంటుంది. నన్ను సతాయించిన ఆ ముందుకి వంగిన హెడ్‌రెస్టే ఆయన పాలిట వరం. ఆయన సీటు వీపు నాకన్నా నిటారుగా ఉండాలి. నడుము వెనక వేసుకునే లావు దిండు ఖాళీని ఇంకో రెండంగుళాలు పెంచుతోంది. అది తీసి పల్చగా మడిచిన తువ్వాలు పెట్టాం. ఆయనకి నాలుగు వేళ్ళ ఖాళీ ఉండిపోయింది, అంతకన్నా దగ్గరికి రాలేదు. కొన్ని కార్లలో హెడ్‌రెస్ట్‌ని ముందుకి లాగితే టిక్ టిక్‌మని వంగుతుంది. అలాంటిది ఉంటే వాడుకోండి. మాకు లేదు.

మెడ దిండ్ల గురించి అడక్కండి. నేనూ ఒకటి కొన్నాను. మెడ వెనక మెత్తగా నింపుతుంది, తల వెనక ఖాళీ మాత్రం అలాగే వదిలేస్తుంది. పక్క సీట్లో నిద్రపోయేవాళ్ళు వాడుకున్నా, నడిపేవాళ్ళకి వద్దు.

తిప్పి పెట్టకండి అని నేను చెప్తే నవ్వుతారేమో గానీ, కారణం చూడండి. మా కారులో హెడ్‌రెస్ట్‌కున్న రెండు కడ్డీల్లో ఒకదానికే గాట్లున్నాయి. ఆ గాట్లలో పడే బటన్ ఒకవైపు రంధ్రం దగ్గరే ఉంది. తిప్పితే గాట్ల కడ్డీ అవతలి రంధ్రంలోకి పోయింది, ఇక బిగుసుకునేదేమీ లేదు. రెండేళ్ళు నా తల వెనక ఉన్నది అరచేత్తో నొక్కితే దిగిపోయే వస్తువు. మీది సర్దాక రెండు చేతులతో కిందికి నొక్కి చూడండి, కదలకూడదు.

ఆ బటన్ ఎక్కడుందో కనపడకపోతే సీటు కవరు కింద వెతకండి. మాకు కవర్లు వేసినతను రెగ్జిన్‌ని బటన్ మీదుగా కుట్టేశాడు. అడిగితే, "ఆయ్, దాంతో పనేముందండీ మేడమ్, ఎవరూ నొక్కరు!" అన్నాడు. బ్లేడుతో కోసుకున్నాం. సీటు పక్క నుంచి విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఆ కవర్లే వద్దు.

ఇంకో మాట. హెడ్‌రెస్ట్ ఊడొచ్చేది కారు కాలవలో పడితే అద్దం పగలగొట్టడానికేనని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. మన కాలవ గట్ల మీద ఈ భయం ఉత్తదేం కాదు గానీ, అది అందుకోసం చేసింది కాదు. నీళ్ళలో పడగానే బెల్టు తీసి, కరెంటు పనిచేస్తుండగానే అద్దం దించి బయటపడాలి.

ఇక ముగ్గురూ మారినప్పుడల్లా మళ్ళీ కొలతలెందుకని కడ్డీ మీద నెయిల్ పాలిష్‌తో గీతలు పెట్టాను. నాది అన్నిటికన్నా కింది గాటు, గీత అక్కర్లేదు. మా ఆయనది నీలం. మావయ్యగారిది ఎరుపు, రంగు ఆయనే ఎంచుకున్నారు.